సేల్స్ టీమ్‌ని నడపడం: తిట్టే ముందు కొంచెం లెక్క

మన కాలేజీ నుంచి ప్రతి ఏడాదీ కొంతమంది కోడింగ్ ఉద్యోగాలకి కాకుండా సేల్స్ ఉద్యోగాలకి వెళ్తున్నారు. ఆఫర్ లెటర్‌లో 'బిజినెస్ డెవలప్‌మెంట్' అని ఉంటుంది, పని మాత్రం అమ్మకమే. వాళ్ళలో కొందరికి ఏడాది తిరక్కుండానే టీమ్ లీడ్ అనే పేరు కూడా వచ్చేస్తుంది. అంటే పొద్దున్నే ఏడెనిమిది మందిని ఎదురుగా నిలబెట్టి "నిన్న నీ నంబర్ ఎంత?" అని అడిగే ఉద్యోగం. అడిగాక ఏం చెయ్యాలో మాత్రం మన నాలుగేళ్ళ సిలబస్‌లో ఎక్కడా లేదు. అయితే అందుకు కావలసిన లెక్క మాత్రం మనం ప్రాబబిలిటీ పేపర్లో చదివేశాం. పరీక్ష అయ్యాక మర్చిపోయాం, అంతే.

నాకీ గొడవ తెలియడానికి కారణం మా బాబాయి. ఆయనకి తాడేపల్లిగూడెంలో సబ్బులు, బిస్కట్లు, టీపొడి లాంటి సరుకుల ఏజెన్సీ ఉంది. ఇంటర్ నుంచీ వేసవి సెలవుల్లో అక్కడ బిల్లులు కొడుతూ, కుదిరినప్పుడల్లా సేల్స్‌మెన్ వెనకాల బండెక్కి లైన్‌కి వెళ్తూ వచ్చాను. తెలియనివాళ్ళ కోసం: లైన్ అంటే ఒక సేల్స్‌మన్ ఒక రోజున తిరగాల్సిన కొట్ల వరస. సోమవారం ఒక వరస, మంగళవారం ఇంకోటి. ఏ కొట్టుకైనా మళ్ళీ వచ్చే వారం అదే రోజున వెళ్తాడు.

ఇప్పుడు ఒక లెక్క వేసుకుందాం. ఒక సేల్స్‌మన్ రోజుకి 40 కొట్లు తిరుగుతాడు. అందులో సగటున 24 కొట్లు ఆర్డరిస్తాయి, ఒక్కో బిల్లు సగటున 1,000 రూపాయలు. రోజుకి 24,000. నెలలో 25 రోజులు పని చేస్తే 6 లక్షలు. పైనుంచి "వచ్చే నెల 20 శాతం పెంచండి" అని ఫోన్ వచ్చింది. టార్గెట్ 7 లక్షల 20 వేలు అయింది. మేనేజర్ ఆ అంకెని బోర్డు మీద రాసి "కొట్టాల్సిందే" అన్నాడు. ఇందులో సేల్స్‌మన్‌కి కొత్తగా తెలిసింది ఏముంది? ఏమీ లేదు. అదే 24 కొట్లని 29 చెయ్యాలా, లేక 1,000 రూపాయల బిల్లుని 1,200 చెయ్యాలా అని కూర్చోబెట్టి మాట్లాడితే అది పని అవుతుంది. మొదటిదానికి ఆర్డరివ్వని 16 కొట్లు ఎందుకివ్వట్లేదో తెలుసుకోవాలి. రెండోదానికి ఇప్పటికే కొంటున్నవాడి చేత ఇంకో ఐటమ్ పెట్టించాలి. రెండింటికీ వేర్వేరు మాటలు, వేర్వేరు సాయం కావాలి. ఇలా విడగొట్టి చెప్పలేని టార్గెట్ కోరిక మాత్రమే అని నా అభిప్రాయం.

అసలు సంగతి దీని తర్వాతే వస్తుంది. 40 కొట్లు, ఒక్కో కొట్టు ఆర్డరిచ్చే అవకాశం 0.6. ఇది బైనామియల్. సగటు 24. వేరియన్స్ ఎన్-పి-క్యూ, అంటే 9.6. స్టాండర్డ్ డీవియేషన్ దాదాపు 3.1. అంటే ఆ మనిషి రోజూ ఒకేలా, ఒకే శ్రద్ధతో పని చేసినా, కేవలం యాదృచ్ఛికంగానే ఒక రోజు 18, ఇంకో రోజు 30 పడొచ్చు. పైగా కొట్లు నాణేల్లాగ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉండవు. వాన పడితే అన్నీ ఒకేసారి పడిపోతాయి, పండగ ముందు అన్నీ ఒకేసారి లేస్తాయి. కాబట్టి నిజంగా వచ్చే తేడా ఇంకా ఎక్కువే. మరి నిన్న 20 తెచ్చినవాణ్ణి నిలబెట్టి కడిగేసి, 28 తెచ్చినవాడికి చప్పట్లు కొట్టించిన మేనేజర్ దేన్ని తిట్టినట్టు, దేన్ని మెచ్చుకున్నట్టు?

ఎడ్వర్డ్స్ డెమింగ్ ఈ ప్రశ్ననే పూసలతో ఆడి చూపించేవాడు. ఆయన డిగ్రీ ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో, మనవాడే అన్నమాట. 1950లో జపాన్ వెళ్ళి అక్కడి ఇంజినీర్లకీ కంపెనీ పెద్దలకీ క్వాలిటీ పాఠాలు చెప్పిన మనిషి. తన సెమినార్లలో తెల్లపూసలు, ఎర్రపూసలు కలిపిన పెట్టె ఒకటి పెట్టేవాడు. ఎర్రవి దాదాపు 20 శాతం. 50 గుంటలున్న చెక్కని పెట్టెలో ముంచి తియ్యడమే పని, ఎర్రపూస వస్తే అది డిఫెక్ట్. సభలోంచి కొందరిని కూలీలుగా పిలిచి, తనే మేస్త్రీ అయ్యేవాడు. తక్కువ ఎర్రపూసలు వచ్చినవాణ్ణి మెచ్చుకోవడం, ఎక్కువ వచ్చినవాణ్ణి మందలించడం, చివరికి కొందర్ని పనిలోంచి తీసెయ్యడం. జనం నవ్వేవాళ్ళు. ముంచేవాడి చేతిలో ఏమీ లేదని అందరికీ కనిపిస్తూనే ఉంటుంది మరి. పెట్టెలో ఎర్రపూసలు తగ్గించగలిగేది మేస్త్రీ, అంతకంటే పైవాళ్ళు. అదే జనం సోమవారం ఆఫీసుకెళ్ళి తమ సేల్స్ బోర్డు ముందు నిలబడితే ఆ సంగతి గుర్తుండదు.

"కానీ తిడితే పని చేస్తున్నారు కదా, మేం చూశాం కదా" అంటారు చాలామంది. 2002లో ఎకనామిక్స్ నోబెల్ అందుకున్న డేనియల్ కానెమన్‌కి ఇజ్రాయెల్ వైమానిక దళంలో పైలట్లకి శిక్షణ ఇచ్చే ఒకాయన సరిగ్గా ఇదే మాట చెప్పాడట. మెచ్చుకుంటే తర్వాతిసారి చెడగొడుతున్నారు, అరిస్తే బాగా చేస్తున్నారు అని. మరీ బాగా వచ్చిన రోజు తర్వాత మామూలు రోజు వస్తుంది, మరీ చెడ్డ రోజు తర్వాత కూడా మామూలు రోజే వస్తుంది. అరిచినా అరవకపోయినా అంతే. దీన్నే రిగ్రెషన్ అని మనం రికార్డులో రాసుకున్నాం. 18 తెచ్చిన రోజు తిట్టు తిన్నవాడు మర్నాడు 24 తెస్తే, మేనేజర్ ఆ ఆరు కొట్లూ తన నోటి పుణ్యమే అనుకుంటాడు. అలా ఏళ్ళ తరబడి తిట్టడం నేర్చుకుంటాడు.

అలాగని నంబర్ చూడొద్దని కాదు. చూడాల్సిన దూరం వేరు. నెలంతా కలిపితే 1,000 కొట్లు, సగటు 600, స్టాండర్డ్ డీవియేషన్ 15 చిల్లర. నెలకి 590 వచ్చినా 610 వచ్చినా మాట్లాడుకోవాల్సింది ఏమీ లేదు. 540 వచ్చిందంటే మాత్రం ఏదో జరిగింది. అప్పుడు కూడా మొదట అడగాల్సింది "నీకేమైంది?" అని కాదు, "లైన్లో ఏమైంది?" అని.

ఒక వేసవిలో ఇది నా కళ్ళ ముందే జరిగింది. ఒక కంపెనీ సేల్స్ ఆఫీసర్ పొద్దున మీటింగ్‌లో మా సేల్స్‌మన్ ఒకాయన్ని మూడు వారాలుగా బిస్కట్లు పడిపోయాయని నిలదీస్తున్నాడు. ఈయన "చూస్తానండి సార్" అంటున్నాడే తప్ప ఇంకో మాట లేదు. ఆ రోజు నేను ఆయన బండి మీదే వెళ్ళాను. నాలుగో కొట్టులో ఆసామి బల్ల కింద నుంచి ఒక అట్టపెట్టె లాగి చూపించాడు. నలిగిపోయిన ప్యాకెట్లు, డేట్ అయిపోయినవి. "మూణ్ణెల్లయ్యింది. ఈ డ్యామేజీ లెక్క ఎప్పుడు తేలుస్తారయ్యా? అది తేలేదాకా మీ బిస్కట్లు నాకొద్దు." ఆ లైన్లో ఏడు కొట్లలో ఇదే పాట. డ్యామేజీ సరుకుకి క్రెడిట్ రావాల్సింది కంపెనీ నుంచి, దాన్ని పైవాళ్ళని అడిగి తేవాల్సింది పొద్దున నిలదీసిన ఆ ఆఫీసరే. "మరి మీటింగ్‌లో చెప్పలేదేంటండీ?" అన్నాను. "చెబితే సాకులంటారు బాబూ" అన్నాడాయన.

బాబాయి ఏమీ వాదించలేదు. తర్వాతి వారం ఆ ఆఫీసర్‌నే బతిమాలి అదే లైన్‌కి అదే బండి మీద పంపించాడు. మూడు అట్టపెట్టెలు చూసేసరికి ఆయనే ఫోన్ తీసి పైవాళ్ళకి కలిపాడు. చెడ్డవాడేం కాదు, లైన్ చూడక చాలా నెలలైంది, అంతే. సేల్స్‌మన్‌తో పాటు వెళ్ళడాన్ని కంపెనీల్లో జాయింట్ వర్క్ అంటారు. వెళ్ళినప్పుడు కొట్టులో నోరు మూసుకుని ఉండటం అన్నిటికంటే కష్టం. మేనేజరే మాట్లాడి ఆర్డర్ తీసేస్తే ఆ ఒక్క బిల్లు వస్తుంది, వచ్చే వారం ఆసామి "మీ సార్ రాలేదా?" అంటాడు. బయటికి వచ్చాక ముందు ఆయన్నే అడగాలి ఎలా జరిగిందని. ఆ తర్వాత మీరు ఒక్క విషయం చెప్పండి, ఐదు కాదు. పొద్దున మీటింగ్‌లో కూడా నంబర్ కంటే ముందు "ఏం అడ్డొస్తోంది?" అని అడిగి, వచ్చిన జవాబుల్లో ఒక్కటైనా వారంలోపు తీర్చి చూపించాలి. తీర్చకపోతే రెండో వారం ఎవరూ ఏమీ చెప్పరు.

చెప్పడం మానేసిన చోట ఏమవుతుందో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు చూపించింది. ఒక్కో కస్టమర్‌కి ఎనిమిది ఖాతాలో, కార్డులో అమ్మాలని అక్కడ లక్ష్యం. అందుకోలేని సిబ్బంది కస్టమర్లకి తెలియకుండా వాళ్ళ పేర్ల మీద ఖాతాలు తెరిచారు. 2016 సెప్టెంబర్‌లో 18.5 కోట్ల డాలర్ల జరిమానాతో సంగతి బయటపడింది. అప్పటికే దాదాపు 5,300 మందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు. అలాంటి ఖాతాలు మొదట 20 లక్షలన్నారు, మరుసటేడు ఆ లెక్క 35 లక్షల దాకా వెళ్ళింది. సీఈఓ దిగిపోయాడు, బ్రాంచి సిబ్బందికి పెట్టిన అమ్మకాల లక్ష్యాలని బ్యాంకు ఎత్తేసింది. నన్ను ఆపేది ఆ 5,300 అనే అంకె. ఒకే రకం పార్ట్ అన్ని వేలసార్లు ఒకే చోట విరిగితే ఏ ఇంజినీరూ పార్ట్‌ని తిట్టడు, డ్రాయింగ్ తెరుస్తాడు. అక్కడ ఏళ్ళ తరబడి పార్టులు మారుస్తూ వచ్చారు.

డెమింగ్ అయితే తన 14 సూత్రాల్లో అంకెల కోటాలే తీసెయ్యమన్నాడు. నేను అంత దూరం వెళ్ళలేను. ఎంత అమ్ముతామో అంచనా లేకపోతే మా బాబాయి ఎంత సరుకు దింపుకోవాలో ఎవరు చెబుతారు? కానీ నెలాఖరు రోజున టార్గెట్ కోసం ఏజెన్సీ గోడౌన్‌లోకి సరుకు తోసేసి, వచ్చే నెల మొదటి రెండు వారాలూ ఆర్డర్ లేదని మళ్ళీ అరవడం మాత్రం చూశాను. అంకె మారింది, కొట్లలో అమ్మకం మారలేదు.

ఈ సీజన్‌లో సేల్స్ పోస్టులకి కూర్చునేవాళ్ళు ఇంటర్వ్యూ చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అన్నప్పుడు ఊరుకోకండి. టార్గెట్‌ని ఎలా లెక్క కడతారో అడగండి. మేనేజర్ నెలలో ఎన్ని రోజులు టీమ్‌తో బయట తిరుగుతాడో అడగండి. ఒకరు వరసగా రెండు నెలలు తగ్గితే మొదటి వారంలో ఏం చేస్తారో అడగండి. మన ఫెస్ట్ స్పాన్సర్‌షిప్ టీమ్‌లో ఉన్నవాళ్ళకైతే అంత దూరం కూడా అక్కర్లేదు. ఈ వారం జూనియర్లు ఎన్ని షాపులకి వెళ్ళారో, ఎన్ని 'వద్దు'లు విన్నారో, ఎందుకు వద్దన్నారో మూడు కాలమ్స్‌గా ఒక షీట్‌లో రాయించండి. తెచ్చిన డబ్బు కాలమ్ నాలుగోది.