పళ్లెంలో అడవి: అపోహలూ వాస్తవాలూ

బోన్సాయ్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది కుండీలో వంకర తిరిగి ఒంటరిగా నిలబడ్డ మర్రిచెట్టు. ఆ ఒక్క చెట్టు చుట్టూనే బోలెడు అపోహలు. ఇక ఒకే పళ్లెంలో ఏడో, తొమ్మిదో, పదకొండో చెట్లు నాటి, నడుమ రాళ్లు పేర్చి, అడవి ముక్కను కళ్లముందుకు తెచ్చే పద్ధతికొస్తే అవి రెట్టింపవుతాయి. జపాన్‌లో ఈ అడవి నాటును యొసె-ఉఎ అంటారు. రాళ్లు, గుట్టలు, వాగులతో సహా మొత్తం దృశ్యాన్నే పెంచితే అది సైకెయ్. పేరు ఏదైనా చిక్కు మాత్రం ఒక్కటే. చూసేవాళ్లు చెట్లను విడివిడిగా లెక్కపెడతారు తప్ప పళ్లేన్ని మొత్తంగా చూడరు. కింద చెప్పుకునే అపోహల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

"చెట్టుకు తిండి పెట్టకుండా, వేళ్లు నరికి హింసిస్తారు"

ఇది అన్నిటికన్నా పాత అపోహ. నిజానికి పస్తులుంచిన చెట్టు చిన్నదవదు, చచ్చిపోతుంది. పళ్లెంలో మట్టి తక్కువ, రోజూ పోసే నీటితో పోషకాలు కొట్టుకుపోతుంటాయి. కాబట్టి నేలలో ఉన్న చెట్టుకంటే దీనికే ఎరువు తరచుగా అందాలి. వేళ్లు కత్తిరించేది కూడా ఆకలితో మాడ్చడానికి కాదు. లావుపాటి పాత వేరును కత్తిరించిన చోట సన్నటి పీచువేళ్లు గుత్తులుగా పుడతాయి. నీటినీ పోషకాలనీ పీల్చేది ఆ పీచువేళ్లే.

సాక్ష్యం కావాలంటే అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని జాతీయ వృక్షోద్యానంలో ఉంది. అక్కడి ఒక జపాన్ తెల్లపైన్ చెట్టు 1625 నుంచి కుండీలోనే పెరుగుతోంది. 1945 ఆగస్టు 6న హిరోషిమాపై అణుబాంబు పడినప్పుడు ఆ చెట్టు పేలుడు జరిగిన చోటికి సుమారు 3 కిలోమీటర్ల దూరంలో, యమాకి కుటుంబం నర్సరీలో గోడచాటున ఉండి బతికిపోయింది. 1976లో దాన్ని అమెరికాకు కానుకగా ఇచ్చారు. ఇంత చరిత్ర దాని వెనక ఉందని అక్కడి వాళ్లకు తెలిసింది 2001లో, యమాకి కుటుంబంలోని మనవలు చూడడానికి వచ్చాకే. హింస పడుతున్న ప్రాణి నాలుగు శతాబ్దాలు చిగురు వేయదు.

"ఇంట్లో పెడితే ఎదుగుదల ఆగిపోతుంది"

మన దగ్గర బాగా చెలామణిలో ఉన్న మాట ఇది. చెట్టు పొట్టిగా ఉంది కాబట్టి పిల్లల చదువూ, నాన్నగారి వ్యాపారమూ పొట్టిగానే ఉంటాయన్న పోలిక తప్ప దీనికి వేరే ఆధారం లేదు. పైగా ఆ పోలిక కూడా తప్పే. పళ్లెంలోని చెట్టు ఎదగడం ఆపి ఉంటే చేతిలో కత్తెర అవసరమే ఉండదు. నమ్మకంతో వాదన పెట్టుకోవడం నా ఉద్దేశం కాదు. అత్తగారు వద్దంటే డాబా మీద పెట్టండి, అసలు దీని చోటు కూడా అదే.

"ముసలి చెట్లు కావాలి, వేలకు వేలు పోయాలి"

అడవికి ఇది అసలు వర్తించదు. ఒంటరి చెట్టులో కనిపించాల్సిన వయసును అడవిలో గుంపే చూపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తరవాత జపాన్‌లో పెద్ద చెట్లు కొనే స్తోమత జనానికి లేని రోజుల్లో తొషియో కవామోతో సైకెయ్ పద్ధతిని తీర్చిదిద్దాడు. చవకైన లేత మొక్కలు, రాళ్లు, నాచు, ఇవే అతని సరంజామా. ఆ లేత మొక్కల్లో బాగా పెరిగినవాటిని తరవాత విడదీసి ఒంటరి బోన్సాయ్‌లుగా తీర్చుకోవచ్చన్నది కూడా అతని ఆలోచనే.

ఒంటరి కుండీకి పనికిరాదని పక్కన పెట్టే మొక్కకు ఇక్కడ గిరాకీ ఎక్కువ. ఒకవైపే కొమ్మలున్న మొక్క అడవి అంచున చక్కగా కుదురుతుంది. కొమ్మల్లేకుండా సన్నగా, పొడుగ్గా పెరిగినది నడిమధ్యకు సరిపోతుంది. నిజమైన అడవిలో వెలుగు కోసం పోటీపడే చెట్లు అలాగే ఉంటాయి కదా.

మన వాతావరణంలో నేను చింతకే ఓటేస్తాను. గింజలు వంటింట్లోనే దొరుకుతాయి, ఆకులు పుట్టుకతోనే చిన్నవి, ఎండకు జంకదు. మొలకెత్తిన కొన్నాళ్లకు తల్లివేరు కొస తుంచితే పక్కవేళ్లు పరుచుకుంటాయి, లోతులేని పళ్లేనికి కావలసింది అవే. (చీకటి పడగానే చింతాకు ముడుచుకుంటుంది. అది దాని స్వభావం, వాడిపోయిందని చెంబుడు నీళ్లు పోయకండి.) చిన్నాకుల ఫైకస్ రకాలు, మాల్పీజియా, పోర్టులకేరియా కూడా బాగుంటాయి. కడియం నర్సరీలకు వెళ్తే దుంపల్లాంటి వేళ్లున్న జిన్‌సెంగ్ ఫైకస్‌లు బోన్సాయ్ పేరుతో వరసకట్టి కనిపిస్తాయి. విడిగా చూడడానికి ముచ్చటైనవే కానీ, ఏడెనిమిదింటిని పళ్లెంలో పెడితే అడవిలా కాక దుంపల కొట్టులా ఉంటుంది. ఇక ఆన్‌లైన్‌లో అమ్మే "బోన్సాయ్ విత్తనాలు" మామూలు చెట్ల విత్తనాలే. నేలలో వేస్తే మామూలు చెట్టే వస్తుంది. చిన్నదనం విత్తనంలో ఉండదు, పెంపకంలో ఉంటుంది.

ఆ పెంపకం అన్నిటినీ సమానంగా చిన్నవి చేస్తుందనుకోవడమూ పొరపాటే. ఆకు కొంత తగ్గుతుంది కానీ పువ్వూ కాయా తగ్గవు. జానెడు చెట్టుకు కూడా నిమ్మకాయ నిమ్మకాయంతే కాస్తుంది. అందుకే అడవికి చిన్నాకు జాతి కావాలి. రావి ఆకులు పళ్లెంలోని దూరాన్నంతా మింగేస్తాయి.

"చెట్లు నాటేశాక సందుల్లో రాళ్లు సర్దితే చాలు"

రాళ్లను అలంకారంగా భావించడమే ఈ పనిలో జరిగే అతిపెద్ద పొరపాటు. బొమ్మల కొలువులో చివరిమెట్టు మీద ఖాళీ కనిపిస్తే ఏదో ఒక బొమ్మ పెట్టినట్టు రాళ్లు పెడతారు. చరిత్ర చూస్తే వాటి స్థానం వేరు. చైనాలో 706 నాటి ఝాంగ్‌హుఆయ్ యువరాజు సమాధి గోడచిత్రాల్లో పరిచారకులు పళ్లేలు పట్టుకుని నడుస్తుంటారు. వాటిలో రాళ్లూ చిన్నచిన్న మొక్కలూ కలిసే ఉన్నాయి. జపాన్ బోన్సాయ్‌కి మూలమైన చైనా పెన్‌జింగ్ కళలో మొదటినుంచీ రాయి చెట్టుకు సరిసమానం.

కాబట్టి పళ్లెంలోకి ముందు దిగాల్సింది రాయి. అది నేలకు ఎత్తుపల్లాలు ఇస్తుంది, మట్టి జారకుండా పట్టుకుంటుంది, వేళ్లు ఎటు వెళ్లాలో నిర్ణయిస్తుంది. చెట్లు నాటాక రాయిని దూర్చాలంటే అప్పుడే సర్దిన వేళ్లను నలపక తప్పదు. రాయిని మట్టి మీద ఊరికే ఉంచకూడదు. కనీసం మూడోవంతు మట్టిలోకి దిగాలి. అప్పుడే అది నేలలోంచి పొడుచుకొచ్చిన బండలా కనిపిస్తుంది, లేకపోతే ఎవరో తెచ్చి పడేసినట్టుంటుంది.

ఏ రాయి? అందంగా ఉన్నదల్లా ఏరి కలపడం మరో పొరపాటు. ఒక పళ్లెంలో ఒకే జాతి రాయి ఉండాలి. హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ గుట్టలు చూడండి. దాదాపు 250 కోట్ల ఏళ్లనాటి ఆ శిల పగుళ్ల వెంట అరుగుతూ, పొరలు ఊడుతూ గుండ్రని బండలుగా ఒకదాని మీద ఒకటి నిలబడింది. ఆ సందుల్లోంచే సీతాఫలమో, మేడో, మర్రో లేస్తుంది. గ్రానైట్ ఎంచుకుంటే అదే అమరిక నప్పుతుంది: గుండ్రని రాళ్ల గుంపు, చెట్లు సందుల్లో. శేషాచలం కొండల్లోలా పొరలుపొరలుగా ఉండే రాయి అయితే పొరలన్నీ ఒకే వాలులో పడుకోవాలి. ఒకటి అడ్డంగా, ఇంకొకటి నిలువుగా పెడితే భూగర్భశాస్త్రం తెలియనివాళ్ల కంటికి కూడా ఏదో తేడా కొడుతుంది. ఆ రాళ్ల కోసం రిజర్వు ఫారెస్టులోకి వెళ్లకండి, అక్కణ్నుంచి రాయి తేవడం నేరం.

సముద్రపు ఒడ్డు రాళ్లలో ఉప్పు ఉంటుంది, చాలాకాలం నానబెట్టి కడగకుండా వాడకూడదు. సున్నపురాయి మట్టిలో క్షారగుణం పెంచుతుంది. రాయిమీద నాలుగు చుక్కల వెనిగర్ వేసినప్పుడు నురగలొస్తే అది సున్నపురాయే. అజేలియా లాంటి ఆమ్లనేల మొక్కలకు అది పనికిరాదు. చింతకూ ఫైకస్‌కూ పెద్ద ఇబ్బంది లేదు. అందుకే తాండూరు నాపరాయి బండనో, బేతంచెర్ల బండనో అంచులు ఎగుడుదిగుడుగా కొట్టించి పళ్లేనికి బదులు వాడుకోవచ్చు. రెండూ సున్నపురాళ్లే. దిగుమతి పళ్లెం ఖరీదులో పదోవంతు కూడా కాదు, పైగా అంచుల్లేని బండ మీద అడవి గోడలు కట్టినట్టు కాక విశాలంగా ఉంటుంది. మట్టి జారకుండా అంచున బంకమట్టిలో కొబ్బరిపీచు పిసికి చిన్న గట్టు వేయాలి. సిమెంటు అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: గ్రానైట్ చాలా బరువు. పది లీటర్ల బకెట్టంత రాయి 26 కిలోలు తూగుతుంది, బాల్కనీ పిట్టగోడ మీద పెట్టే సాహసం చేయొద్దు. ఆ రాయే మే నెల ఎండకు వేడెక్కి, ఆనుకుని ఉన్న వేళ్లను ఉడికిస్తుంది కూడా.

"అడుగున గులకరాళ్లు పరిస్తే నీళ్లు బాగా దిగుతాయి"

దాదాపు ప్రతి తోటమాలీ చెప్పే మాట ఇది. పళ్లెంలో మాత్రం జరిగేది తలకిందులు. సన్నటి మట్టి తన సందుల్లో నీటిని పట్టుకుని ఉంటుంది. కింద పెద్ద ఖాళీలున్న గులకరాళ్ల పొర తగలగానే నీళ్లు అందులోకి దూకవు. పైమట్టి పూర్తిగా తడిసి ముద్దయ్యేదాకా అక్కడే ఆగుతాయి. అంటే గులకరాళ్లు వేస్తే ఆ ముద్ద పొర పళ్లెం అడుగునుంచి వేళ్ల దగ్గరికి జరుగుతుంది. లోతైన కుండీలో దీన్ని ఎలాగో భరించవచ్చు. నాలుగైదు సెంటీమీటర్ల పళ్లెంలో ఆ పొరకే సగం లోతు పోతే వేళ్లకు మిగిలేది కుళ్లు.

మందు సులువే, మట్టి మొత్తం ఒకే తీరుగా గింజగింజగా ఉండాలి. జపాన్‌వాళ్లు అకదామా అనే గట్టి మట్టిగుళికలు వాడతారు. మన దగ్గర బాగా కాలిన ఇటుకను గోధుమగింజంత ముక్కలుగా కొట్టి, పొడిని జల్లెడపట్టి పారేసి, రెండు పాళ్ల ముక్కలకు ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు మాగిన కంపోస్టు కలిపితే చాలు. కాలని ఇటుక నాలుగు వానలకే బురదవుతుంది. పళ్లెం అడుగు చిల్లులకు ప్లాస్టిక్ జాలీ వేయాలి. అదే చిల్లుల్లోంచి తీగ పైకి తెచ్చి ప్రతి చెట్టు వేరుముద్దనూ కట్టేయాలి. గాలికి ఊగే మొక్క కొత్త వేరు పట్టలేదు.

"బేసి సంఖ్యలోనే నాటాలి, లేకపోతే అరిష్టం"

అరిష్టం మాట అలా ఉంచండి, ఇందులో కంటికి సంబంధించిన ఒక కారణం ఉంది. నాలుగో ఆరో చెట్లుంటే కన్ను వాటిని జంటలుగా విడదీసి రెండువైపులా తూకం వేసుకుంటుంది, అడవి కాస్తా ముంగిట్లో నాటిన కొబ్బరిచెట్ల వరస అయిపోతుంది. పది దాటాక కన్ను లెక్కపెట్టడం మానేస్తుంది. ఆ తరవాత పన్నెండైనా పదమూడైనా ఒకటే.

అంకె కన్నా ముఖ్యమైనవి వేరే ఉన్నాయి. అన్నిటికన్నా లావైన చెట్టే అన్నిటికన్నా ఎత్తుగా ఉండాలి, నడిమధ్యలో కాక ఒక పక్కకు జరగాలి. ముందునుంచి చూస్తే ఏ మూడు కాండాలూ ఒకే గీతలో పడకూడదు, ఒకటి ఇంకొకదాని వెనక దాక్కోకూడదు. సన్నవీ పొట్టివీ వెనక్కి వెళ్తే వాటికి దూరం వస్తుంది. చెట్ల మధ్య ఎడాలు సమానంగా ఉంటే మాత్రం ఎన్ని చెట్లు పెట్టినా అది తోటే. పళ్లెంలో మూడోవంతు దాకా ఖాళీగా వదిలేయడానికి చాలామందికి చేయి రాదు, డబ్బిచ్చి కొన్న పళ్లెం కదా! ఆ ఖాళీయే అడవికి అంచునిస్తుంది.

రకరకాల జాతులు కలిపితే సహజంగా ఉంటుందన్న వాదనలో కొంత నిజం ఉంది, మన అడవులన్నీ మిశ్రమాలే. కానీ పోర్టులకేరియాకు చాలే నీళ్లు మాల్పీజియాకు చాలవు. ఒకే పళ్లెంలో ఇద్దరికీ వడ్డించలేం. మొదటి అడవికి ఒకే జాతి క్షేమం.

మిగిలినవి త్వరగా చెప్పుకుందాం. రోజుకు రెండు చెంచాల నీళ్లు చాలనేది ఉత్తమాట. పోసినప్పుడు చిల్లుల్లోంచి కారేదాకా పోయాలి, ఎండాకాలంలో ఆ పని రోజుకు రెండుసార్లు. ఏసీ గదిలో టీపాయ్ మీద పెట్టుకోవచ్చనేది కూడా కుదరదు. అతిథులొచ్చిన పూట లోపలికి తెచ్చి మర్నాడు బయటపెట్టండి, మే నెలలో షేడ్ నెట్ కింద. నాచు లేకపోతే అడవే కాదంటారు. వానాకాలంలో తడిగోడల మీది నాచు మట్టి కొట్టుకుపోకుండా కాపాడుతుంది, బాగుంటుంది. వేసవిలో మాడిపోతే బాధపడక్కర్లేదు. కాండం మొదళ్లను మాత్రం అది ఎక్కకుండా చూడాలి.

"నాటిన రోజుతో పని పూర్తి"

ఫొటో తీసుకోవడానికి పూర్తి, అంతే. జపాన్ మూలాలున్న అమెరికన్ జాన్ నాకా తీర్చిన 'గోషిన్' అనే జూనిపర్ అడవి ప్రపంచంలోకెల్లా పేరున్న బోన్సాయ్‌లలో ఒకటి. దాని మొదటి చెట్ల మీద ఆయన 1948లో చెయ్యి వేశారు. 1964 ప్రాంతంలో ఏడు చెట్లను ఒక అడవిగా కూర్చారు, మనవలు ఏడుగురున్నారు కాబట్టి. మనవల సంఖ్యతో పాటు చెట్లూ పెరిగి 11 అయ్యాయి. 1984లో దాన్ని అమెరికా జాతీయ బోన్సాయ్ ఫౌండేషన్‌కు ఇచ్చారు. ఇప్పుడది వాషింగ్టన్‌లో, ఆ హిరోషిమా పైన్ ఉన్న మ్యూజియంలోనే ఉంది.

నాటిన రెండు మూడేళ్లకు పళ్లెంలోని వేళ్లన్నీ ఒకదానిలో ఒకటి అల్లుకుపోయి ఒకే చాప అవుతాయి. ఆ తరవాత మట్టి మార్చాలంటే చెట్లను విడదీయకూడదు. మొత్తం చాపను ఎత్తి, అడుగూ అంచులూ కత్తిరించి మళ్లీ కూర్చోబెట్టాలి. వేళ్లు పట్టిన రాళ్లు కూడా దానితోనే లేస్తాయి. పైన బలమైన చెట్టు వెలుగంతా తీసుకుని లోపలి సన్నచెట్లను ఎండగడుతుంది కాబట్టి, కత్తెర ఎప్పుడూ పెద్దచెట్టు తలమీదా, బయటి అంచుల మీదా ఎక్కువగా ఆడాలి. అయినా ఎప్పుడో ఒకటి చనిపోతుంది. దాన్ని పట్టి పీకితే పక్క నాలుగింటి వేళ్లూ తెగుతాయి. మొదలు దగ్గర రంపంతో కోసి మోడును వదిలేయండి. ఆ ఖాళీలో వెంటనే కొత్త మొక్క ఇరికించే ముందు ఒక వానాకాలం ఆగి చూడండి, పక్క చెట్లు అటువైపు కొమ్మలు చాస్తాయేమో.