పాత స్పీకర్లు: బాగుచేయించాలా, మార్చాలా?

కొన్ని ఇళ్ళలో తాతల కాలంనాటి లౌడ్ స్పీకర్ల జత ఒకటి ఉంటుంది. వాటిలో పాటలు వింటూ పెరిగినవారికి వాటి గొంతు అయినవాళ్ళ గొంతులాగే ఉంటుంది. అలాటి స్పీకర్లు ఒకనాడు గరగరలాడసాగాయంటే ఇంట్లో వాదం బయలుదేరుతుంది. "కొత్త భాగాలు వేయించి ఇంకా గొప్పగా చేయిద్దాం," అంటారు ఒకరు. "వద్దు, ముట్టుకుంటే పాడైపోతాయి," అంటారు మరొకరు. ఎవరి మాట వినాలి?

స్పీకరు ఎలా పనిచేస్తుందో తెలిస్తే జవాబు దానంతటదే దొరుకుతుంది. స్పీకరులో గరాటు ఆకారంలో కాగితపు కోను ఉంటుంది. దాని వెనక సన్నని తీగచుట్ట ఒకటి అయస్కాంతం సందులో ఇమిడి ఉంటుంది. పాట తాలూకు విద్యుత్తు ఆ చుట్టలో పారినప్పుడు, చుట్టా దానితోపాటు కోనూ ముందుకూ వెనక్కూ కదిలి గాలిని కదిలిస్తాయి. ఆ కదలికే మన చెవికి పాట అవుతుంది.

మంద్రమైన ధ్వనులకు చాలా గాలి కదలాలి. చిన్న పెట్టెతో అది సాధ్యం కాదని, పూర్వం మంచి స్పీకర్లను బీరువాలంతేసి పెట్టెలలో అమర్చేవారు. అమెరికాలో ఎడ్గర్ విల్చర్ అనే ఆయన దీనికొక ఉపాయం కనిపెట్టాడు. 1954లో ఆయనా, హెన్రీ క్లాస్ అనే ఆయనా కలిసి కేంబ్రిడ్జి పట్టణంలో "ఎకౌస్టిక్ రీసెర్చ్" అనే కంపెనీ స్థాపించారు.

ఆ ఉపాయం ఏమిటంటే, కోనును బిగువుగా కాక చాలా వదులుగా అమర్చి, పెట్టెను గాలి చొరకుండా మూసెయ్యటం. సైకిలు పంపు కన్నాన్ని వేలితో మూసి పిడిని నొక్కి చూడండి. వదలగానే పిడి వెనక్కు వస్తుంది. పెట్టెలో చిక్కుకున్న గాలి కూడా అలాగే స్ప్రింగులాగా కోనును దాని చోటికి తెస్తుంది. 1958లో వచ్చిన "ఏఆర్-3" పెట్టె పొడవు 25 అంగుళాలే. ఆ కంపెనీవారు సభలలో వాద్యగాళ్ళ చేత వాయింపజేసి, మధ్యలో వాళ్ళు ఊరికే వాయిస్తున్నట్టు నటిస్తూ ఉండగా స్పీకర్లలో రికార్డు వినిపించేవారు. ఏది ఎప్పుడు మారినదీ చాలామంది పోల్చలేకపోయారు!

ఇప్పుడు ఇలాటి పెట్టెకు, "గాలి ఆడటానికి" అని ఎవరైనా కన్నం పెట్టారనుకోండి. స్ప్రింగు పోయింది! కోను అదుపు తప్పి కదిలి చెడిపోవచ్చు. చిన్న స్పీకరు తీసేసి కొత్తరకం వేసినా చిక్కే. ఏ ధ్వని ఏ స్పీకరుకు వెళ్ళాలో పంచే అమరిక లోపల ఉంటుంది. అది పాత స్పీకరుకు సరిపోయేటట్టు చేసినది. కొత్తది మరీ గట్టిగానో, మరీ నెమ్మదిగానో పలకవచ్చు.

అలాగని ముట్టుకోకుండా ఉంచటమూ మంచిది కాదు. వయసుతో కొన్ని భాగాలు శిథిలమవుతాయి. కోను అంచు ఫోముతో చేసినదైతే కొన్నేళ్ళకు పొడి అయి రాలుతుంది. కండెన్సర్ల గుణం మారుతుంది. ధ్వనిని సరిచేసే మరలలో చిలుము పడుతుంది. ఇవి బాగుచేయిస్తే స్పీకరు తన పాత గొంతుతోనే పలుకుతుంది. అంటే అరిగినదాన్ని బాగుచెయ్యాలి, స్వభావాన్ని మార్చరాదు.

సందేహం ఉంటే ఒక పరీక్ష ఉన్నది. జతలో ఒక్కదాన్నే ముందు బాగుచేయించండి. రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఒకే పాటను ఒకదాని తరవాత ఒకదానిలో వినండి. రెండూ సమానమైన గట్టిగా పలకాలి. లేకపోతే గట్టిగా పలికేదే మేలైనదని చెవి మోసపోతుంది. బాగుపడిందని తోస్తే రెండోదానికీ అదే చేయించండి. జతలో రెండూ ఒకేలా పలకకపోతే పాట ఒక పక్కకు ఒరుగుతుంది.

అయితే పిల్లలూ, పెట్టె విప్పే పని పెద్దలకే వదలండి. కొన్ని పెట్టెలలో గాజుదూది కూరి ఉంటుంది. చేతికి తగిలితే దురద పెడుతుంది. విప్పిన పాత భాగాలను మాత్రం పారేయనివ్వకండి. ఒక పొట్లం కట్టి, తేదీ వేసి దాచండి. చేసిన మార్పు నచ్చకపోతే వాటిని చూసి మళ్ళీ పాత పద్ధతికి తేవచ్చు. పెట్టెకు కొట్టిన కన్నాన్ని మటుకు అంత తేలికగా పూడ్చలేము.