నీళ్ళ నడుమ ఎండిన ఒళ్ళు

బోరు కొట్టి నింపిన బకెట్‌ను ఒక పూట ఎండలో వదిలేయండి. నీళ్ళు తగ్గిన మేర లోపలి అంచు చుట్టూ తెల్లగీత కడుతుంది. గోటితో గీకితే ముగ్గుపిండిలా రాలుతుంది. ఉప్పలగుప్తం నుంచి ఎస్.యానం వైపు, సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ ఈ గీత మందం పెరుగుతుంది. అలాంటి ఒక బకెట్ పక్కనే బట్టలుతుకుతున్న ఒకావిడ చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని ఉంది. దోమ కుట్టిందేమో, పిక్క మీద గోళ్ళతో బరుక్కుంది. అక్కడా తెల్లగీతలే, వరసగా నాలుగు.

‘‘సబ్బు అరిగిపోద్ది గానీ నురగ రాదండి బాబూ. ఒళ్ళంతా బర్రబర్రలాడిపోతాది’’ అంది.

‘‘ఏమన్నా రాస్తారా అండీ?’’

‘‘ఆయ్, తలకి రాసుకుంటామండి. ఒంటికెవరు రాస్తారండీ ఇప్పుడు!’’

నేను రాయాలనుకున్న కథనం మొత్తం ఆవిడ ఒక్క మాటలో చెప్పేసింది.

కోనసీమలో చర్మం పొడిబారుతోందంటే బయటివాళ్ళు నమ్మరు. అటు గౌతమి, ఇటు వశిష్ఠ, కింద బంగాళాఖాతం. ఊరూరా చెరువు, పంట కాలువ, మురుగు కాలువ. ధనుర్మాసం తెల్లవారుజామున కొబ్బరాకుల నుంచి మంచు చినుకుల్లా కారే సీమ. రాయలసీమలోలాగా పెదవులు పగిలే పొడిగాలి కూడా ఇక్కడ పెద్దగా వీయదు. మరి ఒళ్ళెందుకు ఎండుతోంది?

ఒళ్ళెండితే నీళ్ళు చాలడం లేదనే అనుకుంటాం. ‘రోజుకి నాలుగు లీటర్లు తాగండి, చర్మం నిగనిగలాడుతుంది’ అనే సలహా ఫోన్లలో తెగ తిరుగుతోంది. దానికి గట్టి ఆధారం లేదు. చర్మం పైపొర మందం చాలాచోట్ల మిల్లీమీటరులో యాభయ్యో వంతు మించదు. అది చచ్చిన కణాల పొర. పెంకులు పేర్చి సందుల్లో సున్నం మెత్తినట్టు, ఆ కణాల మధ్య కొవ్వు మెత్తి ఉంటుంది. ఆ కొవ్వులో దాదాపు సగం సెరమైడ్లు, మిగతాది కొలెస్టరాలు, కొవ్వు ఆమ్లాలు. ఒంట్లోని తేమ గాలిలో కలిసిపోకుండా ఆపేది ఆ సున్నమే. అది ఊడితే కడుపునిండా నీళ్ళు తాగినా నిలవవు.

దీన్ని మొదట చూపించినవి ఎలుకలు. 1929లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ దంపతులు ఎలుకలకు కొవ్వు లేని తిండి పెట్టారు. కొన్ని నెలలకు వాటి పాదాలు, తోకలు పొలుసులు కట్టాయి. చిత్రమేమిటంటే అవి మామూలు కంటే ఎక్కువ నీళ్ళు తాగాయి. తాగిన నీరు తాగినట్టే చర్మంలోంచి పోయేది. తిండిలో కాస్త నూనె తగిలించగానే కోలుకున్నాయి. నూనెలోని లినోలిక్ ఆమ్లం ఒంటికి తప్పనిసరి అని ఆ మరుసటి ఏడాది తేల్చారు.

నూనె సంగతికి మళ్ళీ వస్తాను. ముందు ఈ బోరు నీటి సంగతి.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి నీళ్ళు కాలువల్లో కోనసీమ లంకలకు చేరాయి. నిన్నమొన్నటి తరం దాకా తాగడానికీ స్నానానికీ కాలువ నీళ్ళు, వాటితో నింపుకున్న చెరువులే దిక్కు. నేల కిందికి వెళ్తే కథ వేరు. ఇది సముద్రం వెనక్కి జరుగుతూ వదిలిన నేల. పైపైన ఇసుక దిబ్బల్లో వాననీరు తియ్యగా తేలుతుంది, దాని కింద ఉప్పునీరు. మోటారు ఎక్కువ తోడేకొద్దీ ఉప్పు పైకొస్తుంది. శివారు ఊళ్ళకు కాలువ నీరు ఎప్పుడూ చివరి వంతే. వేసవిలో కాలువలు కట్టేశాక బోరే గతి.

భారతీయ ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మేలు. వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. కాఠిన్యమంటే కాల్షియం, మెగ్నీషియం. ఇవి సబ్బుతో కలిస్తే నురగ రాదు, తెట్టు కడుతుంది. బకెట్‌కు అంటుకునే ఆ తెట్టు ఒంటికి అంటుకోదా? నురగ రావడం లేదని ఇంకాస్త సబ్బు రుద్దుతాం. చర్మం సహజంగా కొద్దిగా పుల్లన, పీహెచ్ 5 చుట్టుపక్కల. సబ్బుది 9, 10. ఎంత రుద్దితే సందుల్లోని కొవ్వు అంత కరిగిపోతుంది. పూటకో స్నానం చేసే ఉక్కపోత సీమలో ఏడాదికి ఎన్నిసార్లవుతుందో మీరే లెక్కేసుకోండి. ఈ లెక్కన మన చర్మాన్ని ఎండబెడుతున్నది గాలి కాదు, స్నానం.

ఈ ఉప్పునీటి కథలో రొయ్యల చెరువులూ ఉన్నాయి. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. ఉప్పలగుప్తం మండలం అందులో ముందు వరసలో ఉంది. ముంపు, మురుగు పారకపోవడం, గిట్టుబాటు లేకపోవడం వాళ్ళ బాధ. దేశంలో వనామి రొయ్య పెంపకానికి అనుమతి వచ్చింది 2009లో. ఆ తర్వాత ఎన్నో చేలు రొయ్యల చెరువులయ్యాయి. చెరువు ఊట పక్క నూతిలోకి, పక్క చేలోకి దిగుతోందని రైతులూ రైతులూ తగువులాడుకోవడం ఇక్కడ కొత్త కాదు. చెరువులో పనిచేసేవాళ్ళ చేతులు చూడాలి. సున్నం జల్లేది చేత్తోనే. బ్లీచింగ్ కలిపేది చేత్తోనే. మోకాలి లోతు ఉప్పునీళ్ళలో గంటలు గంటలు నిలబడి వల లాగుతారు. రొయ్య తలలు తీసే ఆడవాళ్ళ వేళ్ళు ఐసు నీళ్ళలో నానినాని తెల్లబడి ముడతలు పడతాయి, ఇంటికొచ్చాక ఎండి చీలతాయి. ఆ చీలికల్లోకి చింతపండు పులుసు దిగితే ఎలా ఉంటుందో వంట చేసేవాళ్ళకి చెప్పక్కర్లేదు. రబ్బరు తొడుగులు ఇస్తే ‘చెయ్యి ఆడదండి’ అంటారు. నిజమే, ఆడదు. లోపల పల్చటి నూలు తొడుగు వేసుకుంటే చెమటకు జారదు. ఆ జత కొనేదెవరు, కూలీయా, చెరువు యజమానా అన్నది వేరే పంచాయితీ.

మా బంధువుల్లో ఒకావిడ కువైట్‌లో ఇళ్ళల్లో పదేళ్ళు పనిచేసి వచ్చింది. కోనసీమలో ఇలాంటి మనిషి లేని వీధి లేదు. అక్కడ ఇరవైనాలుగు గంటలూ ఏసీ, చేతినిండా డిటర్జెంటు. ఊరికొచ్చి ఏడాదైనా ఆవిడ అరచేతుల గరుకు పోలేదు. ఒకసారి పాడైన చర్మం పైపొర మళ్ళీ కుదురుకోవడానికి వారాలు పడుతుంది. అలా కుదురుకునే వ్యవధిలో మళ్ళీ అదే డిటర్జెంటు తగిలితే ఇక కుదురుకోదు.

ఇక తిండి. ఈ విషయంలో తెలుగునాట జరిగిన పని చిన్నది కాదు. 1918లో కూనూరులో పుట్టిన పరిశోధనశాల 1958లో హైదరాబాద్ తార్నాకకు మారి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. అక్కడి వైద్యులు జొన్న తినే దక్కను పల్లెల్లో పెల్లాగ్రా చూశారు. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి, గరుకెక్కి, పొలుసులూడుతుంది. మెడ చుట్టూ కంటె పెట్టినట్టు పట్టీ పడుతుంది. నయాసిన్ అనే విటమిన్ లోపం వల్ల వచ్చే జబ్బది. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లానికి ఇందులో చెయ్యి ఉందని 1960లో సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకాంతియా ప్రతిపాదించారు. అప్పట్లో పేదపిల్లల మోచేతుల మీద, మోకాళ్ళ మీద ముళ్ళలాంటి బుడిపెలు లేచి, తడిమితే జల్లెడలా తగిలేవి. దాని పేరు ఫ్రైనోడెర్మా, అంటే కప్ప చర్మం. ఏ విటమిన్ లోపం వల్ల ఇది వస్తుందో మొదట తేలక చాలా వాదన జరిగింది. నూనెలోని లినోలిక్ ఆమ్లమూ, బి విటమిన్లూ కలిపి ఇస్తే తగ్గడం చూశాక చూపు నూనె వైపు మళ్ళింది.

ఇక్కడే కోనసీమలో ఒక వింత ఎదురవుతుంది. చుట్టూ కొబ్బరే, పక్కనే అంబాజీపేట కొబ్బరి మార్కెట్. కానీ కొబ్బరినూనెలో లినోలిక్ ఆమ్లం నూటికి రెండు పాళ్ళే. పామాయిల్లో పది చిల్లర. నువ్వుల నూనెలో నలభై పైన. కాబట్టి నువ్వుపప్పు, నువ్వుల నూనె కడుపులోకి, కొబ్బరినూనె ఒంటి మీదకి. ఒంటి మీద కొబ్బరినూనె బాగానే పనిచేస్తుంది. 2004లో ఫిలిప్పీన్స్‌లో పొడిచర్మం ఉన్న 34 మంది కాళ్ళకు రెండు వారాలు రాయించి చూస్తే, ఆస్పత్రుల్లో వాడే మినరల్ ఆయిల్‌కు తీసిపోలేదు. అవతల కేరళవాళ్ళు దాన్ని వంటకూ వాడతారు, మనవాళ్ళు ససేమిరా అంటారు. చర్మం విషయంలో మన మొండితనమే మంచిదైంది.

కవళ్ళు, కానాగంతలు లాంటి నూనె చేపలు, ఆషాఢంలో తినే మునగాకు, వేసవి మామిడిపండు చర్మానికి కావలసినవి ఇస్తాయి. మన వంటింట్లో ఇవేవీ కొత్త కాదు. వీటికి తోడు భోగినాడు పెట్టే నలుగును కూడా తిరిగి చూడాలి. ముందు నువ్వుల నూనె, ఆపైన పెసరపిండి. సబ్బులోలా క్షారం లేదు. మురికి పోతుంది, నూనె కొంత మిగులుతుంది. ఏటా ఒక్కరోజు తెలివిగా ఉండి, మిగతా 364 రోజులు సబ్బుతో గీకుతున్నాం.

అన్ని పొడిబారడాలూ నూనెకు లొంగవు. థైరాయిడ్ మందగించినా, చక్కెర జబ్బున్నా, మూత్రపిండాలు దెబ్బతిన్నా ఒళ్ళెండుతుంది. పసితనం నుంచీ చేప పొలుసుల్లా ఉంటే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ జన్యువులో తేడా కావచ్చు. ఒక మచ్చ దగ్గర మాత్రమే పొడిబారి, అక్కడ స్పర్శ తెలియకపోతే కుష్టు కావచ్చు. దానికి ప్రభుత్వాసుపత్రిలో మందు ఉచితం. ఆలస్యం చేయకూడదు.

సాయంత్రం తిరిగొస్తూ మళ్ళీ ఆ బోరు దగ్గర ఆగాను. ఆవిడ స్నానం చేసి అరుగు మీద కూర్చుంది, పిక్కలింకా తడిగానే ఉన్నాయి. ఒళ్ళు పూర్తిగా తుడవకముందే, మూడు నిమిషాల్లోపు రాస్తే తేమ లోపల నిలుస్తుందని చెప్పాను. నమ్మిందో లేదో. లోపలికెళ్ళి తలనూనె సీసా తెచ్చింది, అరచేతిలో కాస్త వంపుకుని ఎడమకాలి పిక్కకు రాసింది. గోటితో గీసి చూసింది. గీత పడలేదు.

‘‘కుడికాలికి రేపు రాత్తానండి, సీసా అయిపోతాది’’ అంది.