మీకు తెలుసా? ఆదివారం నాడు శుక్రవారం పాఠం

చైనాలో పండగకి వారం సెలవులిస్తే, అందులో కొన్నిటిని శని, ఆదివారాల్లో పనిచేసి తీర్చాలి. అక్కడి బడుల్లో ఇంగ్లిషు చెప్పే విదేశీ టీచర్లకూ సాధారణంగా మినహాయింపు ఉండదు.

2024లో జాతీయ దినోత్సవానికి అక్టోబరు 1 నుంచి 7 దాకా సెలవులు. బదులుగా సెప్టెంబరు 29 ఆదివారం, అక్టోబరు 12 శనివారం పనిదినాలయ్యాయి. 2023లో ఇంకా ఘోరం. ఎనిమిది రోజుల సెలవుల నుంచి తిరిగొచ్చినవాళ్లు అక్టోబరు 7 శనివారం మొదలుకొని 13 శుక్రవారం దాకా ఊపిరి సలపకుండా ఏడు రోజులు పనిచేశారు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడమంటే ఇదే!

ఈ సెలవుల, బదులు పనిదినాల జాబితాను చైనా మంత్రిమండలి కార్యాలయం ముందు ఏడాది చివర్లోనే ప్రకటిస్తుంది. పనిదినమైన ఆదివారం ఏ రోజు టైంటేబుల్ నడపాలో మాత్రం బడి చెప్పాలి. ‘ఆదివారం శుక్రవారం పాఠాలు’ అని వీచాట్ యాప్‌లోని బడి గ్రూపులో చైనీసులో ఓ ముక్క పడుతుంది. పక్క సీటు టీచరు చెప్పకపోతే కొత్తగా వచ్చిన విదేశీ టీచరుకు ఆ సంగతే తెలియదు; క్లాసులో పిల్లలు ఎదురుచూస్తుంటే ఈయన ఇంట్లో దుప్పటి ముసుగేసి ఉంటాడు.

2025 నుంచి చట్టబద్ధ సెలవులు 11 నుంచి 13కి పెరిగాయి. ఆదివారం బడి మాత్రం పోలేదు.