డప్పు మోత సరే... డబ్బా బిగించారా?

అమెరికాలో ఎస్‌యూవీ కొన్న మన కుర్రాళ్లకు తీన్మార్ దరువు గుండెకు తగలాల్సిందే! అందుకే వెనకాల సబ్‌వూఫర్ డబ్బా పెట్టిస్తారు. సెడాన్‌లో అయితే డిక్కీకి, సీటుకు మధ్య అడ్డు ఉంటుంది. ఎస్‌యూవీలో అదీ లేదు. ముప్పావు అంగుళం మందం ఎండీఎఫ్ చెక్క, లోపల 12 అంగుళాల స్పీకరు... బరువు మామూలుగా ఉండదు. 60 మైళ్ల వేగంతో వెళ్తూ దేన్నయినా గుద్దితే కారు ఆగుతుంది, డబ్బా ఆగదు. దాని ముందు సీట్లో పిల్లలుంటారు మరి! వెల్‌క్రోను నమ్ముకోకండి. బోల్టులతో బిగించండి, లేదంటే కార్గో హుక్కులకు గట్టి పట్టీలతో కట్టండి. బ్యాటరీ నుంచి యాంప్లిఫయర్‌కు వెళ్లే వైరుకు 18 అంగుళాల లోపే ఫ్యూజు వేయించండి. వైరు ఒరుసుకుపోయినా మంటల ముప్పు తగ్గుతుంది. ఇక వాల్యూమ్ సంగతి. కాలిఫోర్నియా రోడ్ల మీద మీ పాట 50 అడుగుల అవతలికి వినిపిస్తే పోలీసులు టికెట్ రాయొచ్చు. దరువు మనకు వినిపిస్తే చాలు కదా!