తిట్టుకుందామన్నా... జట్టేదీ?

'వాణ్ని ముందు ఆడించాల్సింది, వీణ్ని వెనక నిలపాల్సింది'... గచ్చిబౌలి స్టేడియంలోనైనా, అనంతపురం పక్కన గార్లదిన్నె టీకొట్టు దగ్గరైనా ఫుట్‌బాల్ అభిమాని గొడవ ఇదే. 1962 జకార్తా ఏషియాడ్‌లో గాయపడ్డ డిఫెండర్ జర్నైల్‌సింగ్‌ని ఫార్వర్డ్‌గా ఆడించి స్వర్ణం తెచ్చిన కోచ్ రహీమ్ మన హైదరాబాదీనే మరి!

హైదరాబాద్ ఎఫ్‌సీ కథ వేరు. 2022లో టైబ్రేకర్‌లో కేరళ బ్లాస్టర్స్‌ని ఓడించి ఐఎస్‌ఎల్ కప్పు కొట్టింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ తర్వాత జీతాల బకాయిలు పేరుకున్నాయి. కొత్తవాళ్లను తీసుకోకుండా నిషేధం పడింది. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2023-24లో 22 మ్యాచ్‌లాడితే గెలిచింది ఒక్కటే. స్థానాలు మార్చాలన్నా ముందు ఆటగాళ్లుండాలి కదా!

2025లో ఆ జట్టూ ఢిల్లీకి తరలిపోయింది. కోచ్‌ని తిట్టుకునే భాగ్యమూ అభిమానికి దక్కలేదు.