తోలులో ఏ భాగము ఏ పనికి?

తోలుపని నేర్వబూనినవాడు అంగడికేగి, తోలు నిగనిగను, మందమును, వెలను పరికించునే గాని, అది పశుదేహమున ఏ భాగమునుండి వచ్చినదో విచారింపడు. ఎంతయో శ్రద్ధతో కుట్టిన బెల్టు కొలదికాలముననే సాగి వంకరపోవుటకు కారణము, పలుమారులు చేతిపనిలోని లోపము గాక, ఈ విచారణలోని లోపమే.

వెండ్రుకలను, పైచర్మమును సున్నపునీటి సాయమునను, లోవైపున అంటియున్న మాంసమును కత్తితోను తొలగింపగా మిగులు నడిమిపొరయే పదును చేయబడి తోలగుచున్నది. కొల్లాజెన్ అను మాంసకృత్తు తంతువులు పెనవేసికొనిన ఈ పొర, దేహమంతట ఒకే నేతగా నుండదు. వెన్నునకు ఇరుప్రక్కలను, పిరుదులపైనను తంతువులు దట్టముగా అల్లుకొని యుండును. మేతకును, గర్భమునకును తగినట్లు విస్తరింపవలసిన పొట్టభాగమున అల్లిక పలుచనై, వదులై, అన్ని దిక్కులకు సాగును. ఎడతెగక కదలెడి మెడయందును, భుజములయందును ముడుతలు మిక్కుటము.

కావున బరువును, లాగుడును భరింపవలసిన బెల్టులను, సంచుల పట్టీలను 3 లేక 4 మిల్లీమీటర్ల మందముగల వెన్నుతోలునుండి, వెన్నెముకకు సమాంతరముగా కోయవలెను. ఏలయన తోలు ఆ దిశయందు తక్కువగాను, అడ్డముగా ఎక్కువగాను సాగును. ముడుతలు లేనిచోట భుజభాగము సంచులకును, పుస్తకముల అట్టలకును చక్కగా ఒదుగును. చౌకగా దొరకు పొట్టతోలు లోపలి అస్తరులకు, చిన్న అతుకులకు చాలును. దానితో పట్టీ చేయుట వృథాశ్రమ.

భాగము తెలియనప్పుడు, తోలును పైముఖము లోపలికి వచ్చునట్లు మడిచి చూడవలెను. సన్నని ముడుతలు దగ్గరదగ్గరగా పడినచో అల్లిక గట్టిది. వెడల్పైన ముడుతలు ఉబ్బి లేచినచో వదులైనది. కోసిన అంచునుగూడ పరీక్షింపవలెను. తంగేడుచెక్క, కరక్కాయలవంటి వృక్షద్రవ్యములతో పదును చేసిన తోలు అంచున గోధుమవర్ణముగా నుండి, తడిపి అచ్చొత్తినచో ఆ రూపమును నిలుపుకొనును. క్రోము లవణములతో పదును చేసి, రంగు వేయని తోలు నీలిబూడిద వర్ణముతో నుండును. అది మెత్తనిదియు, నీటికి ఓర్చునదియు నైనను, చెక్కడపు పనికి లొంగదు.

పనిని బట్టి చర్మము నెన్నుకొను ఈ వివేకము మన తోలుబొమ్మల కళాకారులకు తరతరాల సొత్తు. ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంటలో బొమ్మలకు మేకచర్మమును వాడుదురు. దానిని శుభ్రపరచి, బిగలాగి ఆరబెట్టుదురే గాని, పాదరక్షల తోలువలె పదును చేయరు. బొమ్మకు కావలసినది బలముకంటె ముందు పారదర్శకత్వము. దీపకాంతి చర్మముగుండ ప్రసరించిననే తెరపై రంగులు వెలుగును. పదును చేసినచో తంతువుల నడుమ కాంతి చెదరి, ఆ పారదర్శకత్వము నశించును.

తోలులో నిష్ప్రయోజనమైన భాగము లేదు, అనుచితమైన వినియోగమే కలదు. వస్తువు ఏ బరువును మోయవలెనో, ఏ దిశకు లాగబడునో, ఎచ్చట వంగవలెనో మున్ముందుగా నిశ్చయించుకొని, పిమ్మటనే కత్తి పట్టుడు.